కారులో పెన్‌డ్రైవ్ పాటల తిప్పలు: బండి తియ్యకముందే సరిచేసుకోండి

సి-60 క్యాసెట్ పెడితే ఒక వైపు అరగంట మోగేది. నచ్చని పాట వచ్చినా వినేసేవారు. పెన్‌డ్రైవ్‌లో రెండు వేల పాటలు చేరాక చెయ్యి ఊరికే స్టీరియో మీదికి పోతోంది. 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు తిప్పితే బండి 44 మీటర్లు పోతుంది. అందుకే ఇవన్నీ ఇంటి దగ్గరే చూసుకోవాలి.

పెన్‌డ్రైవ్‌ను స్టీరియో గుర్తించదు
64 జీబీ, ఆపై డ్రైవ్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) వస్తాయి. పాత స్టీరియోలు ఎక్కువగా ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే చదువుతాయి. 32 జీబీ డ్రైవ్ తీసుకుని ఫ్యాట్32కి ఫార్మాట్ చెయ్యండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే వేరేచోట దాచుకోండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే పోర్టులో పెట్టారేమో కూడా చూడండి.

కొన్ని పాటలు మోగవు
అవి ఎంపీ3 కాకుండా ఫ్లాక్, ఓపస్ అనే వేరే రకం ఆడియో ఫైళ్లయి ఉంటాయి. ఫైలు పేరు చివర ఎంపీ3 అని మారిస్తే లాభం లేదు, కన్వర్ట్ చెయ్యాల్సిందే. ఫ్లాక్‌ను 320 కేబీపీఎస్ (సెకను పాటకు పట్టే కిలోబిట్లు) ఎంపీ3గా మారిస్తే ఐదు నిమిషాల పాట 12 ఎంబీ అవుతుంది. 128లో ఉన్నదాన్ని 320కి పెంచితే సైజు పెరుగుతుందే తప్ప నాణ్యత పెరగదు.

వరుస తప్పుతుంది
పాటలకైతే సర్దుకోవచ్చు. ప్రవచనంలో మూడో భాగం అయ్యాక ఒకటో భాగం మొదలైతే ఎలా వింటాం? చాలా స్టీరియోలు పేర్ల వరుస చూడవు, డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కితే దాన్నే ముందు వినిపిస్తాయి. ఫోల్డర్ మొత్తం తీసేసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా వరుసలో మళ్లీ ఎక్కించండి. ఓపిక లేకపోతే ఫ్యాట్‌సార్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ పని చేసిపెడుతుంది. పేర్ల వరుస చూసే స్టీరియోల కోసం పేర్ల ముందు 1, 2 అని కాక 01, 02 అని వెయ్యండి; లేదంటే 2 కంటే 10 ముందొస్తుంది.

ఒక పాట మెల్లగా, మరొకటి చెవులు పగిలేలా
నాబ్ మీదికి చెయ్యి ఎక్కువగా పోయేది దీనివల్లే. పాత రికార్డింగులు తక్కువ స్థాయిలో, కొత్తవి బాగా పెంచి ఉంటాయి. ఎంపీ3గెయిన్ అనే ప్రోగ్రామ్‌లో అన్నిటినీ 89 డెసిబెల్స్‌కు తెస్తే చాలు, నాణ్యత తగ్గదు.

ఆక్స్‌లో కీచుమనే మోత
ఆక్స్ అంటే ఫోన్‌ను స్టీరియోకు కలిపే వైరు. యాక్సిలరేటర్‌తో పాటు మోత పెరుగుతుంటే ఫోన్ ఛార్జర్ తీసి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే ఛార్జర్, ఆక్స్ వైరు రెండూ బండి ఎర్త్‌కు కలవడంవల్ల వచ్చే మోత. ఆక్స్ వైరు మధ్యలో దాన్ని ఆపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం తగిలించాలి.

కావలసిన పాట దొరకదు
ప్రయాణానికో ఫోల్డర్ చేసుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఐదు గంటలనుకుంటే 60 పాటలు, 720 ఎంబీ. ఆ ఫోల్డర్ మొదలుపెట్టాకే గేరు వెయ్యండి.