సీజన్ సేవ్ నిలవట్లేదా? బ్యాటరీ జోలికి వెళ్లేముందు చదవండి

సమస్య: 1991లో ఎన్ఈఎస్ (నింటెండో పాత గేమ్ కన్సోల్) మీద వచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ టెక్మో సూపర్ బౌల్‌లో సీజన్ సగం దాకా ఆడారు. మర్నాడు ఆన్ చేస్తే మళ్లీ మొదటి వారం. 28 జట్ల లెక్కలన్నీ గల్లంతు.

ఆట సేవ్‌ను నిలిపి ఉంచేది కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే డబ్బా) లోపలి చిన్న బ్యాటరీ కాబట్టి అందరూ వెంటనే దాని మీద పడతారు. దయచేసి ముందు ఇది చూసుకోండి: పవర్ ఆఫ్ చేసేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకున్నారా? కరెంటు పడిపోయే క్షణంలో ప్రాసెసర్ పిచ్చిపిచ్చిగా రాసేసి సేవ్‌ను పాడు చేయగలదు. రీసెట్ పట్టుకుంటే అది ఆగి ఉంటుంది. ఇది ఎన్నిసార్లు చెప్పానో! ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కార్ట్రిడ్జ్ పిన్నులు తుడవండి. ఈ రెండూ చేశాకే 3.8 మిల్లీమీటర్ల స్క్రూడ్రైవర్ బిట్ తీసి కార్ట్రిడ్జ్ విప్పండి.

బ్యాటరీ పాతదే అయితే తేలిక. ముప్పై ఏళ్లు దాటింది, మార్చేయండి. తీయగానే ఉన్న సేవ్ పోతుంది కాబట్టి, కావాలనుకుంటే డంపర్‌తో (కార్ట్రిడ్జ్‌లోని డేటాను కంప్యూటర్‌లోకి తీసే పరికరం) ముందే కాపీ తీసుకోండి.

కొత్త బ్యాటరీ ఉన్నా సేవ్ పోతోందా? నన్ను బాగా ఏడిపించింది ఇదే. 'కొత్త బ్యాటరీ, టెస్ట్ చేశాం' అన్న మాట నమ్మి ఒక కార్ట్రిడ్జ్ కొన్నాను. మీటర్ పెడితే నిక్షేపంగా 3 వోల్టులు. టేబుల్ మీద ఉన్నన్నాళ్లు సేవ్ ఉండేది, అరలో పెట్టి తీస్తే పోయేది. సేవ్ దాచే ర్యామ్ చిప్‌ను అనుమానించి వారం వృథా చేశాను. చివరికి చూస్తే, బోర్డు మీది పాత రేకుల మధ్య సీఆర్2032 బిళ్ల బ్యాటరీని దూర్చి పైన టేపు చుట్టారు. జిగురు వదులై రేకు వెంట్రుకవాసి పైకి లేచింది. మీటర్ ముల్లుతో నేను నొక్కినప్పుడల్లా ఆ సందు మూసుకునేది, అందుకే రీడింగ్ ఎప్పుడూ బాగానే వచ్చేది!

కాబట్టి బ్యాటరీని ముట్టుకోకుండా కొలవండి. 28 కాళ్ల ర్యామ్ చిప్‌కు 14వ కాలు గ్రౌండ్, 28వ కాలు పవర్. బ్యాటరీ కరెంటు డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) దాటి వస్తుంది కనుక 3 కంటే కాస్త తగ్గడం మామూలే. ముళ్లు అలాగే ఉంచి, ఇంకొకరిని బోర్డు అంచు మీద వేలితో మెల్లగా తట్టమనండి. అంకె ఎగిరినా, 2 వోల్టుల కిందికి జారినా దొంగ దొరికినట్టే. టేపు పీకేసి, ముందే రేకులు అతికించి వచ్చే బ్యాటరీ తెచ్చి ఆ రేకులకే టంకం పెట్టండి. బ్యాటరీకి నేరుగా పెట్టొద్దు, వేడికి పేలొచ్చు.

కొనేవాళ్లు బోర్డు ఫోటో తప్పకుండా అడగండి. టేపు కనిపిస్తే బేరంలో ఆ మేరకు తగ్గించమనండి. బోర్డు కొత్తగా మెరుస్తూ అసలు బ్యాటరీయే లేకపోతే అది నకలు కావచ్చు. అయితే ఇది అన్నిటికీ వర్తించదు: సెగా కన్సోల్ మెగా డ్రైవ్ మీది ఎన్‌బీఏ జామ్ ఈఈప్రామ్‌లో (కరెంటు లేకున్నా డేటా నిలిచే చిప్) సేవ్ చేస్తుంది, దానికి బ్యాటరీ ఉండదు.

ర్యామ్ చిప్ చచ్చిపోవడం, డయోడ్ పోవడం చాలా అరుదు. వాటిని చివర్లో చూసుకోవచ్చు.