మబ్బు పట్టినా, పట్టపగలైనా ఉల్కల్ని రేడియోతో పట్టుకోవడం ఎలా?

ఉల్క కాలేటప్పుడు 80 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తులో దాని వెనకాల గాలి అయాన్లుగా విడిపోయి ఓ చార పడుతుంది, ఆ చార రేడియో తరంగాల్ని కాసేపు తిప్పికొడుతుంది, మనం పట్టుకోవాల్సింది ఆ తిరిగొచ్చే సిగ్నల్‌నే. ట్రాన్స్‌మిటర్ మనం పెట్టక్కర్లేదు. ఫ్రాన్స్‌లో దిజోన్ దగ్గర శాటిలైట్ల మీద నిఘాకి పెట్టిన గ్రేవ్స్ రాడార్ 143.050 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ పంపుతూనే ఉంటుంది, యూకే, జర్మనీల్లో ఉండే మనవాళ్లు ఇంట్లోంచే వాడుకోవచ్చు. ఇండియా దాకా మాత్రం అందదు, అంత దూరానికి చార ఎత్తు సరిపోదు.

ముందు ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (లాప్‌టాప్‌కి గుచ్చే చిన్న రేడియో రిసీవర్), లాప్‌టాప్ రెడీ చేసుకోండి. యాంటెన్నాకి అటూ ఇటూ 50 సెంటీమీటర్ల రాడ్లతో డైపోల్ చాలు, మూడు ఎలిమెంట్ల (రాడ్ల) యాగీ, అంటే ఒక వైపు నుంచే బాగా వినే యాంటెన్నా అయితే ఇంకా మంచిది. యాగీని ఫ్రాన్స్ వైపు కొంచెం పైకి వంచి పెట్టండి, ఎందుకంటే మనకి కావాల్సింది రాడార్ కాదు, దాని మీదున్న ఆకాశం.

తర్వాత ఎస్‌డీఆర్ షార్ప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో యూఎస్‌బీ మోడ్ (అప్పర్ సైడ్‌బ్యాండ్, కేబుల్ యూఎస్‌బీ కాదు) పెట్టి 143.049 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేయండి, ఉల్క పడ్డప్పుడు 1000 హెర్ట్జ్ దగ్గర ఈల వినిపిస్తుంది. చవక డాంగిల్స్ ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ తేడాని సరిచేసే పీపీఎమ్ కరెక్షన్ తప్పకుండా చేయండి, లేకపోతే ఈల ఇంకెక్కడో వస్తుంటే మీరు ఇక్కడ వెతుకుతూ కూర్చుంటారు.

అసలు మజా వాటర్‌ఫాల్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీని కాలంతో పాటు గీసి చూపే స్క్రీన్) చూడటంలోనే ఉంది. సెకను కూడా ఉండని చుక్కలు చిన్న ఉల్కలవి. పెద్దవైతే గీత చాలా సెకన్లు నిలుస్తుంది, పై గాలులు చారని లాగేస్తుంటే గీత కూడా వంకర్లు పోతుంది. దానికి ముందు సర్రున వాలిన సన్న గీత కనిపిస్తే అది ఉల్క తలదే, దాని వేగం డాప్లర్‌లో (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడంలో) అలా తెలుస్తుంది. మెల్లగా వాలుతూ సాగే గీతలు విమానాలవి, వాటిని లెక్కలో వేయొద్దు.

తెల్లవారుజామున ఎక్కువ దొరుకుతాయి, భూమి ముందుకెళ్లే వైపు అప్పుడు మనముంటాం కాబట్టి. ఆగస్టు 12, 13 పెర్సీడ్స్, డిసెంబర్ 13, 14 జెమినిడ్స్ వదలొద్దు. జూన్‌లో ఏరీటిడ్స్ ఎక్కువగా పగలే పడతాయి, కళ్లకి దాదాపు కనబడవు, 1947లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ వాళ్లు పగటి ఉల్కాపాతాల్ని కనిపెట్టింది రాడార్‌తోనే.

ఒక్క రిసీవర్‌తో లెక్కపెట్టొచ్చు గానీ ఉల్క ఏ దారిన వెళ్లిందో చెప్పలేం. బెల్జియంలో బ్రామ్స్ నెట్‌వర్క్ ఒకే ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ని చాలా చోట్ల విని ఆ దారిని కట్టడానికి చూస్తుంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఉన్న మీటియర్ రాడార్ తనే పల్స్ పంపి, కొన్ని యాంటెన్నాల మధ్య ఫేజ్ తేడాతో (తరంగం ఒక్కోదానికి చేరడంలో వచ్చే చిన్న తేడాతో) దిక్కు పడుతుంది. మీరూ ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తో వేర్వేరు ఊళ్ల నుంచి రికార్డ్ చేయాలనుకుంటే ముందు అందరి గడియారాలూ జీపీఎస్‌తో కలపండి, లాగ్ అంతా యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఒకే ప్రామాణిక టైమ్‌లో) రాయండి.