అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద కంపెనీ మారుతున్నారా? రాజీనామా చివర్న ఇవ్వండి

మనవాళ్లంతా "ట్రాన్స్‌ఫర్" అంటారు గానీ, నిజానికి అక్కడ బదిలీ అయ్యేది ఏమీ లేదు. కొత్త కంపెనీ మీ కోసం మరో ఐ-129 పిటిషన్ (హెచ్1బీ దరఖాస్తు) వేస్తుంది, అంతే. పాత కంపెనీ ఒప్పుకోవాల్సిన పని లేదు. ఏటా పరిమిత వీసాలకు తీసే లాటరీలో ఒకసారి ఎంపికైనవారికి మళ్లీ లాటరీ ఉండదు. ఒక్క మెలిక మాత్రం ఉంది: యూనివర్సిటీలోనో, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలోనో లాటరీ లేకుండా హెచ్1బీ తెచ్చుకున్నవాళ్లు ప్రైవేటు కంపెనీకి పూర్తిగా మారాలంటే లాటరీలో పడాల్సిందే.

ఆఫర్ లెటర్ వచ్చిన రోజే మేనేజరుకు చెప్పేయకండి. ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఎల్‌సీఏ (జీతం, పని షరతులపై కంపెనీ ఇచ్చే హామీ పత్రం) పాసవ్వాలి, దానికే 7 పనిదినాలు. కొత్త కంపెనీకి ఇదే మొదటి హెచ్1బీ అయితే దాని పన్ను నంబరు సరిచూడటానికి ఇంకొన్ని రోజులు పోతాయి. 2000 నాటి ఏసీ21 చట్టం ప్రకారం పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా వలసల విభాగానికి) అందిన నాటి నుంచే కొత్త చోట పనిచేయొచ్చు. చాలామంది రిసీట్ చూసుకుని చేరిపోతారు కూడా. తప్పేం కాదు, కానీ తర్వాత ఆ పిటిషన్ తిరస్కరణకు గురైతే వెంటనే పని ఆపేయాలి, పాత ఉద్యోగం అప్పటికే చేజారి ఉంటుంది. అదనపు రుసుముతో త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ వేయించుకుంటే 15 పనిదినాల్లో అప్రూవలో, ఆర్‌ఎఫ్‌ఈనో (మరిన్ని ఆధారాలు అడిగే నోటీసు), ఏదో ఒకటి తేలుతుంది. చేరే తేదీని "అప్రూవల్ వచ్చాక రెండు వారాలకు" అని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోవడం అన్నిటికంటే క్షేమం.

ఉద్యోగం హఠాత్తుగా పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (అమెరికాలో ఉండే గడువు చూపే రికార్డు) అంతకుముందే ముగిస్తే అక్కడితో సరి. లెక్క సాధారణంగా జీతం పడిన ఆఖరి పనిరోజు మర్నాటి నుంచి, శని ఆదివారాలతో సహా. సెవరెన్స్ డబ్బు (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) రెండు నెలలు వస్తుందని గడువు పెరగదు. అరవయ్యో రోజుకు ఆఫర్ చేతిలో ఉంటే చాలదు, పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు చేరి ఉండాలి. ఎల్‌సీఏకీ కాగితాలకీ మూడు వారాలు తీసేస్తే ఉద్యోగం వెతుక్కోవడానికి మిగిలేది దాదాపు 40 రోజులు.

కాగితాల్లో ఎక్కువమంది ఇరుక్కునేది పే స్టబ్‌ల (జీతం రసీదుల) దగ్గర. ఆఖరి మూడూ తీసి, జీతం కింద ఉండే ఇయర్-టు-డేట్ (ఈ ఏడాది ఇప్పటిదాకా వచ్చిన) మొత్తం చూడండి. ఎల్‌సీఏలో రాసిన వార్షిక జీతాన్ని గడిచిన నెలలకు లెక్కగట్టి దాంతో పోల్చండి. తగ్గిందంటే ఆర్‌ఎఫ్‌ఈ వచ్చేది అక్కడే. "ప్రాజెక్టు లేదు, బెంచ్ మీద జీతం ఉండదు" అనే కన్సల్టెన్సీ మాట చట్టవిరుద్ధం. డబ్ల్యూహెచ్-4 ఫారంతో లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు చేయొచ్చు. మధ్యలో మానేసినందుకు జరిమానా వసూలు చేయడమూ కుదరదు. నష్టపరిహారం పేరుతో బాండు రాయించుకుంటే మాత్రం చెల్లుబాటు రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది, మీ సొంత లాయరుకు చూపించండి, కంపెనీ లాయరుకు కాదు. పేరోల్ పోర్టల్ లాగిన్ ఆఖరి రోజున ఆగిపోవచ్చు, పే స్టబ్‌లూ డబ్ల్యూ-2లూ (ఏడాది జీతం, పన్ను పత్రాలు) ముందే దింపుకోండి.

స్టేటస్ (అమెరికాలో చట్టబద్ధంగా ఉండే హోదా) చెడకుండా చూసుకోవడానికి ఇప్పుడు ఇంకో కారణం ఉంది. 2025 సెప్టెంబరు 21 నుంచి కొత్త పిటిషన్లకు పెట్టిన లక్ష డాలర్ల రుసుము, అమెరికాలోనే ఉండి స్టేటస్‌తో కంపెనీ మారేవారికి వర్తించదని యూఎస్‌సీఐఎస్ అక్టోబరులో స్పష్టం చేసింది. స్టేటస్ లేదని తేలితే ఆ మినహాయింపు ఉండదు. పిటిషన్ నడుస్తుండగా ఇండియా ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాళ్లు ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవై 180 రోజులు దాటాక మారితే నయం. ఆ తర్వాత పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా అది రద్దవదు. ప్రయారిటీ డేటు (గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానం చూపే తేదీ) మీతోనే వస్తుంది, పర్మ్ (లేబర్ డిపార్ట్‌మెంట్ ధృవీకరణ) మాత్రం కొత్త కంపెనీ మళ్లీ మొదలుపెట్టాలి.

అప్రూవల్ నోటీసు ఐ-797ఏ అడుగున కొత్త ఐ-94 ఉంటుంది, పేరూ తేదీలూ అక్షరం అక్షరం చూసుకోండి. అది మీ ఒక్కరిదే. హెచ్4 (కుటుంబ సభ్యుల వీసా) మీదున్న భార్యకో భర్తకో, పిల్లలకో గడువు పెరగాలంటే విడిగా ఐ-539 వేయాలి. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు మీద పాత కంపెనీ పేరున్నా గడువు తీరేదాకా పనికొస్తుంది, ప్రయాణంలో కొత్త 797 వెంట ఉంటే చాలు. ఉద్యోగంతో పాటు ఇల్లూ మారితే 10 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం) పెట్టాలి, ఇంట్లో ఒక్కొక్కరికీ విడిగా.