అంతరిక్ష ఫాంటసీలో మంత్రశక్తిని, మంచిచెడులను రాసే పద్ధతి

అంతరిక్ష నౌకలు, పరగ్రహాలు, వాటి నడుమ ఒక అతీంద్రియ శక్తి ఉండే కథను తెలుగులో రాయదలచినవారు మొదటి వాక్యానికి ముందే ఒక ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవాలి: ప్రయోగించిన శక్తిని వెనక్కి తీసుకోవడం ఎవరికి సాధ్యం? ఆ శక్తి ఏమేమి చేయగలదో తరువాత నింపుకోవచ్చు.

ఈ ప్రశ్న విలువ తెలియాలంటే మహాభారతంలోని సౌప్తిక పర్వం చివరి ఘట్టాన్ని నిదానంగా చదవండి. అశ్వత్థామ గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోస్త్రాన్ని వదులుతాడు. అర్జునుడు అదే అస్త్రంతో ఎదుర్కొంటాడు. ఇద్దరికీ విద్య నేర్పినవాడు ద్రోణుడే. వ్యాసనారదులు నడుమ నిలిచి వారించినప్పుడు, నియమబద్ధమైన జీవితం గడిపిన అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించుకోగలిగాడు. ఆ బలం లేని అశ్వత్థామ దానిని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. శక్తి ఒకటే అయినప్పుడు మంచి, చెడు ఎక్కడ వేరుపడతాయో ఇంతకంటే స్పష్టంగా చూపిన సన్నివేశం నాకు తెలియదు. అందుకే వెలుగుశక్తి, చీకటిశక్తి అని కథను రెండుగా విడగొట్టవద్దని గట్టిగా చెబుతాను. పాత్ర ఏ పక్షానిదో తెలిసిన క్షణం నుంచి అది ఏం చేస్తుందో పాఠకుడు ఊహించేస్తాడు, ఇక రచయితకు చెప్పడానికి ఏమీ మిగలదు.

తరువాత శక్తికి ఒక హద్దు పెట్టండి. మంగళగిరి పానకాల స్వామి భక్తులు పోసిన పానకంలో సగమే స్వీకరించి మిగతా సగం ప్రసాదంగా వదిలిపెడతాడని గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఒక్క వాక్యంలో ఇమిడి, ఒకసారి వింటే మరచిపోలేని నియమం అది. మీ గ్రహం మీది శక్తికి కూడా అంత పొట్టి నియమమే కావాలి. పది పేజీల వివరణ కోరే నియమాన్ని పాఠకుడు గుర్తుపెట్టుకోడు.

హద్దుతో పాటు మూల్యం కూడా ఉండాలి. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు త్రిశంకువు కోసం దక్షిణాకాశంలో కొత్త నక్షత్రాలనే సృష్టిస్తాడు, కానీ ఆ తరువాత ఆ దిక్కును విడిచి పుష్కరంలో మళ్లీ తపస్సుకు కూర్చోవలసి వస్తుంది. మీ నాయిక ఒక నౌకను కూలకుండా ఆపితే ఆమె ఏమి కోల్పోయిందో అదే అధ్యాయంలో కనిపించాలి. ప్రతినాయకుడు ఆ మూల్యాన్ని ఇతరుల చేత చెల్లింపజేస్తాడు, పైగా అది న్యాయమేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ నమ్మకం లేకపోతే అతడు కేవలం కేకలు వేసే ముసుగు మనిషిగా మిగులుతాడు.

సందిగ్ధాలను వెదకడానికి దూరం వెళ్లనక్కరలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, బుడమేరు నీటితో విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగినప్పుడు, మనమంతా చూసినదాన్ని గుర్తుచేసుకోండి. ఒక పరగ్రహంలో నదిని మళ్లించగల శక్తి ఒకే ఒక్క మనిషికి ఉందనుకోండి. ఏ ఒడ్డును కాపాడినా రెండవ ఒడ్డు మునుగుతుంది, అక్కడివారికి ఆ మనిషి దుర్మార్గుడే అవుతాడు. ఈ ఒక్క పరిస్థితి నవల అంతటినీ మోయగలదు.

దూరాల విషయంలో నిజాయితీ అవసరం. భూమి నుంచి అంగారకుడికి సంకేతం చేరడానికి, రెండు గ్రహాల స్థానాలను బట్టి, సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మీ మంత్రశక్తి కాంతికంటే వేగంగా ప్రయాణిస్తే ఆ మాటను తొలి అధ్యాయాల్లోనే చెప్పి చివరిదాకా కట్టుబడి ఉండండి. ఆపద వేళ మాత్రమే ఆ వేగం పుట్టుకొస్తే పాఠకుడు క్షమించడు.

చిత్తుప్రతి పూర్తయ్యాక శక్తిని ప్రయోగించిన ప్రతి చోటా పక్కన మూడు గడుల్లో మూడు మాటలు రాయండి: ఎవరు వాడారు, ఎవరు మూల్యం చెల్లించారు, వెనక్కి తీసుకునే అవకాశం ఉన్నా తీసుకోనివారెవరు. రెండవ గడి ఖాళీగా ఉన్న సన్నివేశాన్ని తిరిగి రాయండి. మూడవ గడిలో కథానాయకుడి పేరు కనిపిస్తే దానిని చెరిపేయకుండా, తరువాతి అధ్యాయాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టండి.