మసకబారిన హెడ్‌లైట్లు, 3వ పాఠం: తడి చేసే మోసం

ఈసారి కోటింగ్ గురించి, అంటే రుద్దిన లైటు మీద వేసే రక్షణ పూత గురించి చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో. ముందు రెండో పాఠం లెక్క తేల్చాలి. అందులో మసకబారిన లైటు పైపొరను వాటర్ పేపర్‌తో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో రుద్దమన్నాను. రుద్దినవాళ్లలో చాలామంది ఒకేచోట చిక్కుకున్నారు. 2000 నంబరు పేపర్ (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది) అయ్యాక నీళ్లు పోస్తే లైటు కొత్తదానిలా ఉంది, తుడిచి ఆరనిస్తే మళ్లీ తెల్లగా అయిపోయింది. కొందరికి పాలిష్ కూడా పూర్తయ్యాక ఎండలో సన్నని గీతలు బయటపడ్డాయి. ఇంకొందరికి అంచుల దగ్గర పసుపు మచ్చలు మిగిలాయి.

మొదటివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. 2000 పేపర్ రుద్దిన ప్లాస్టిక్ ఆరితే తెల్లగానే ఉంటుంది. అది పోవడానికే తర్వాత పాలిష్‌గానీ కోటింగ్‌గానీ ఉన్నది. ఆ తెలుపు చూసి కంగారుపడి మళ్లీ 800తో మొదలుపెట్టినవాళ్లు మాత్రం అయిన పనిని చెడగొట్టుకున్నట్టే. మళ్లీ 1000, 1500, 2000 వరసగా రావాల్సిందే.

మిగతా రెండు రకాలవాళ్లూ ఒకే పని చేశారు. తడిగా ఉన్న లైటు అద్దాన్ని చూసి "ఇక చాలు" అనుకున్నారు.

మొదటి పాఠంలో నీళ్లు చల్లి చూడమని చెప్పింది నేనే కదా అంటారేమో. చెప్పాను, అది వేరే పనికి. నీళ్లు చల్లగానే మసక తగ్గితే పాడైంది పైపొర, రుద్దితే బాగవుతుంది. చల్లినా మసక అలాగే ఉంటే లోపలివైపు మరకో తేమో ఉంది, లేదా ప్లాస్టిక్ లోతుగా బీటలిచ్చింది. దాన్ని పైనుంచి ఎంత రుద్దినా లాభం లేదు. జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి నీళ్లు పనికొస్తాయి, తగ్గిందో లేదో చెప్పడానికి పనికిరావు.

ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎన్నిసార్లు చెప్పినా చేతిలో బకెట్ ఉంటే మరిచిపోతారు. లైటు ముందున్నది గాజు కాదు, పాలికార్బొనేట్. దాని వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) దాదాపు 1.58, గాలిది 1. పేపర్ చేసిన ప్రతి గీతలోనూ గాలి ఉంటుంది. వెలుగు ఆ గీత గోడల దగ్గర 1.58 నుంచి 1కి ఒక్కసారిగా దూకాలి, అందుకే ఎటుబడితే అటు చెదురుతుంది. మనకు కనిపించే తెలుపు అదే. నీళ్లు పోస్తే గీతల్లో గాలి పోయి నీరు చేరుతుంది. నీటి గుణకం 1.33. తేడా సగానికన్నా తగ్గింది కాబట్టి చెదరడం బాగా తగ్గి, గీత కంటికి ఆనదు. అలాగని గీత పోలేదు, నిండిందంతే. నీరు ఆరగానే మళ్లీ కనిపిస్తుంది.

పాలిష్ కూడా ఇలాగే మోసం చేస్తుంది, ఇంకా ఎక్కువ కాలం చేస్తుంది. కొన్ని పాలిష్‌లలో ఉండే నూనె గీతల్లో కూర్చుంటుంది. ఆ రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, రెండు మూడు వాష్‌లకు నూనె పోయి గీతలు తేలతాయి. అందుకే పాలిష్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన గుడ్డతో తుడిచాకే చూడాలి. థిన్నర్, అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు. పాలికార్బొనేట్ వాటికి వెంటనే బీటలిస్తుంది, ఆ బీటలు ఇక పోవు.

చూసే పద్ధతి ఇదీ. ప్రతి నంబరు అయ్యాక కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పట్టాలి. 1000ని అడ్డంగా, 1500ని నిలువుగా, 2000ని మళ్లీ అడ్డంగా రుద్దమన్నది ఈ క్షణం కోసమే. 1500 అయ్యాక టార్చి వెలుగులో ఒక్క అడ్డగీత కనిపించినా 1500 పని పూర్తికాలేదు. 2000కి వెళ్లకండి. 1000 పేపర్ మీద రేణువు సగటున 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2000 మీద 10 మైక్రాన్లు. పెద్ద రేణువు చేసిన లోతైన గీతను చిన్న రేణువుతో అరగదీయాలంటే సాయంత్రం దాకా రుద్దుతూనే ఉండాలి. గుండ్రంగా రుద్దినవాళ్లకు ఏ గీత ఏ పేపర్‌దో తేలదు. గుండ్రంగా రుద్దే అలవాటు మానుకోండి.

పసుపు మచ్చలు ఫ్యాక్టరీ పూత మిగిలిన చోట్లు. ఆరిన అద్దం మీద వాటికి స్పష్టమైన అంచు కనిపిస్తుంది, తడిలో ఆ అంచు మాయమవుతుంది. మొదటి పేపర్‌తోనే అవి పోవాలి. 1000తో కదలకపోతే 800, మరీ మొండిగా ఉంటే 600. తర్వాతి సన్నని పేపర్లతో వాటి సంగతి చూద్దామంటే కుదరదు.

ఒకరైతే పాత కారు గాజు లైటునే వాటర్ పేపర్‌తో రుద్దారు. గోరుతో తట్టి చూడండి, గాజు మోత తెలిసిపోతుంది. గాజుకు ఈ పాఠాలు వర్తించవు.

టూత్‌పేస్ట్ గురించి ఒక్క మాట. అదీ సన్నగా అరగదీసేదే కాబట్టి పైపైన మెరుస్తుంది, కానీ అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఇవ్వదు. ఎండలో నిలబడిన కారుకు మళ్లీ మసక రావడం ఖాయం.

ఇక కోటింగ్. కడగడం, టేప్ వెయ్యడం మీకు తెలిసినవే. పూత కూడా నీళ్లలాగే గీతలను నింపుతుంది, తేడా ఏమిటంటే ఇది ఆరిపోయాక కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి కోటింగ్ వేసేటట్టయితే నేను పాలిష్ చెయ్యను. 2000 గరుకు మీద పూత బాగా పట్టుకుంటుంది, పాలిష్ నూనె ఉంటే పొరలుగా లేస్తుంది. స్ప్రేకన్నా గుడ్డతో పూసే రకమే నాకిష్టం, కారనూ కారదు, పక్క పెయింట్ మీద పడనూ పడదు. ఒక అంచు నుంచి మరో అంచుకు ఒకే ఊపులో లాగండి, వెళ్లినచోటికి మళ్లీ వెనక్కి రాకండి. రెండు భాగాలు కలిపి వేసే క్లియర్ కోట్లలో (రంగులేని గట్టి పూతల్లో) ఐసోసయనేట్లు, అంటే ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. తగిన మాస్కు, గాలాడే చోటు లేకపోతే వాటి జోలికి పోవద్దు. పూసే ముందు లైటుకూ బాడీకీ మధ్య సందులో దాక్కున్న నీటిని గాలి ఊది బయటికి తీయండి. పూత మీదకి జారే మొదటి చుక్క అక్కడిదే.

అభ్యాసానికి మీ కారు జోలికి వెళ్లకండి. పారేసే హెల్మెట్ వైజర్ ఒకటి తీసుకోండి, చాలావరకు అవీ పాలికార్బొనేటే. టేప్‌తో నాలుగు నిలువు పట్టీలుగా విడదీయండి. అన్నిటినీ 800తో రుద్ది, మొదటి పట్టీని అక్కడే ఆపండి. రెండోది 1000 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది 2000 దాకా తీసుకెళ్లండి. ప్రతి పట్టీకి తడిగా ఒక ఫోటో, ఆరాక టార్చి వెలుగులో ఒక ఫోటో తీయండి. తర్వాత నాలుగింటికీ కింది సగం మాత్రమే కోటింగ్ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. ఏ నంబరు నుంచి గీతలను పూత దాచగలిగిందో మీ కళ్లతోనే చూస్తారు. ఆ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది. ఆ వైజర్‌ను మళ్లీ హెల్మెట్‌కు మాత్రం బిగించకండి.