పెద్దవారి మనసు – 3వ పాఠం: ఆ ఒక్క ప్రశ్న అడగడం

గత పాఠంలో గమనించడం నేర్చుకున్నాం. వయసు మళ్లిన మగవారిలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనబడదని, నడుము నొప్పిగా, అన్నం సయించకపోవడంగా, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడంగా బయటపడుతుందని చెప్పుకున్నాం. మీలో కొందరైనా ఈ వారం నాన్నగారి మందుల డబ్బా తెరిచి చూసి ఉంటారు. నాలుగు రోజుల బీపీ మాత్రలు అలాగే మిగిలి ఉంటే అది మతిమరుపు కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చుకోవాలంటే, చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అని అడగాలి. ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

మన ఇళ్లలో పెద్దవారు తరచూ అనే మాట ఒకటుంది: "ఆ దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో!" వెంటనే మనం, "అశుభం పలకకండి, పైన తథాస్తు దేవతలుంటారు" అంటాం. ప్రేమ కొద్దీ అన్న మాటే. కానీ ఆయన మళ్లీ ఆ ఊసు ఎత్తరు. ఎత్తలేదు కాబట్టి కుదుటపడ్డారని మనం అనుకుంటాం.

మా పెదనాన్న ఒకరోజు చేతి గడియారం తీసి నా చేతిలో పెట్టి, "నాకిక టైముతో పనేముందిరా" అన్నారు. నేను ఆ గడియారం ఎంత పాతదో మాట్లాడాను గానీ ఆయన గురించి అడగలేదు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం ఆత్మహత్య ఆలోచనకు ఒక హెచ్చరిక అని అప్పటికి నాకు తెలియదు. వారం తర్వాత ఆయన చిన్ననాటి స్నేహితుడు అరుగు మీద పక్కన కూర్చుని సూటిగా అడిగారు. పెదనాన్న ఆయనకు చెప్పారు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. గడియారం ఇప్పుడు మళ్లీ ఆయన చేతికే ఉంది.

అందుకే ముందు, ఎవరు అడగాలో ఆలోచించండి. కొడుక్కి చెప్పనిది స్నేహితుడికి చెప్పవచ్చు. పదిమందిలో వద్దు, ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టూ వద్దు. సాయంత్రం నడకలోనో, అరుగు మీదనో పక్కపక్కన ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

"దేవుడు తీసుకుపోతే బాగుండు అంటున్నారు. అంత విసుగు ఎందుకొచ్చింది నాన్నా?"

ఇక్కడ ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనాన్ని ధైర్యవచనాలతో నింపకండి. తర్వాత, "బతకడం కంటే పోవడమే నయమనిపిస్తోందా?" అవునంటే, "మీ అంతట మీరే ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?"

ఈ మూడో ప్రశ్న దగ్గర అందరికీ గొంతు వణుకుతుంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం సహజమే గానీ అది నిజం కాదు. డాక్టర్లు డిప్రెషన్‌ను అంచనా వేయడానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే.

విదేశాల నుంచి ఫోను చేసేవారు "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నాను" అనే జవాబే వస్తుంది. "రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది? తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వచ్చింది?" అని అడగండి. రోజూ మూడింటికే లేచి కూర్చుంటున్నారంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఆ మూడో ప్రశ్నకు ఆయన అవునంటే "మనవళ్లను చూసుకుని అయినా..." అని మొదలుపెట్టకండి. "చెప్పి మంచి పని చేశారు" అనండి. ఆ రోజు ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు ఉంటే వేరే ఇంటికి పంపేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఏ వేళ అయినా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కళ్లముందే ఉంటే 108. పోలీసు కేసవుతుందని దాచిపెట్టకండి. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారిని శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

"ఈ వయసులో ఏం చేసుకుంటారులే" అనుకోవడం చాలా ప్రమాదం. పెద్దవయసులో ప్రయత్నాలు తక్కువే అయినా, చిన్నవయసువారితో పోలిస్తే వాటిలో ప్రాణం పోయే అవకాశం చాలా ఎక్కువ. మగవారిలో ఇది మరీ ఎక్కువ.

ఈ వారం అభ్యాసం: గదిలో ఒంటరిగా నిలబడి ఆ మూడో ప్రశ్నను పైకి మూడుసార్లు చెప్పండి. "ప్రాణం" అన్నచోట తడబడితే మళ్లీ మొదటి నుంచి చెప్పండి. థైరాయిడ్, బీ12 లోపం కూడా ఇలాంటి దిగులు తెప్పించగలవు కనుక, డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఏమేమి రాసుకోవాలో వచ్చే పాఠంలో చూద్దాం.