లండన్‌లో పాత ఫ్లాట్ అద్దెకిచ్చారా? సమస్య - పరిష్కారం

విక్టోరియా కాలపు ఇంట్లో కింది భాగం, ఒకే పడకగది, వెనక సొంత తోట, లోపల మంచాలూ సోఫాలూ. ఇలాంటి ఫ్లాట్ అద్దెకిచ్చిన మనవాళ్లకి ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది చలికాలంలోనే.

సమస్య: తోటవైపు గోడ అడుగున చెమ్మ. పెయింట్ పొక్కులు లేస్తోంది, వేలితో నొక్కితే గోడ అడుగున నేలవెంట ఉండే స్కర్టింగ్ చెక్క మెత్తగా దిగిపోతోంది.

కారణం: ముందు తోటలోకి వెళ్లి చూడండి. ఈ ఇళ్లకి సాధారణంగా తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ ఉండదు. నేలలోని తేమ పైకి పాకకుండా చాలా ఇళ్లలో గోడ అడుగున స్లేటు పలకల వరస వేసి ఉంటుంది. ఎవరో ఎప్పుడో పూలమడికని గోడవార మట్టి పోస్తారు. అది ఆ వరస దాటిందంటే తేమకి దారి దొరికినట్టే. నేల కిందికి గాలి వెళ్లేందుకు గోడలో పెట్టిన రంధ్రాల ఇటుక (ఎయిర్ బ్రిక్) కూడా పూడిపోతే చెక్క నేల కింద గాలాడక దూలాలు పుచ్చుతాయి.

పరిష్కారం: మట్టి తవ్వి, ఆ వరసకి కనీసం 150 మిల్లీమీటర్లు దిగువన ఉంచండి. ఎయిర్ బ్రిక్ రంధ్రాలు శుభ్రం చేయించండి, పైకప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్ కారుతోందేమో చూడండి. ఇటుకల సందుల్లో సిమెంటు పూసి ఉంటే తీయించి సున్నం పెట్టించాలి. చెమ్మ ఆపడానికి గోడకి కెమికల్ ఎక్కిస్తామనేవాళ్లని ముందే పిలవకండి. అలాంటి అమ్మకంతో సంబంధం లేని, ఇళ్ల లోపాలు పరిశీలించే సర్వేయర్‌కి చూపించండి. గోడ ఆరడానికి నెలలు పడుతుంది, ఆ మాట అద్దెకున్నవాళ్లకి ముందే చెప్పండి.

సమస్య: బీరువా వెనక నల్ల బూజు.

కారణం: చల్లటి బయటి గోడకి ఆనించిన బీరువా, రంగు పూసీ పూసీ అతుక్కుపోయిన కిటికీలు, గాలి రంధ్రం వదలకుండా మూసేసిన పాత ఫైర్‌ప్లేస్.

పరిష్కారం: బీరువా ముందుకి జరపండి, కిటికీలు విడిపించండి, ఫైర్‌ప్లేస్‌కి వెంట్ పెట్టించండి, వంటింట్లో, బాత్‌రూమ్‌లో మంచి ఫ్యాన్ వేయించండి. "మీ వంటల ఆవిరి వల్లే" అని దులుపుకోవడం అన్యాయం. 2018 నాటి చట్టం ప్రకారం ఇల్లు నివాసయోగ్యంగా ఉంచాల్సింది యజమానే.

సమస్య: ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవ. గడ్డి మోకాలెత్తు, సోఫా మీద మరక.

కారణం: చేరిన రోజు సామాను జాబితా రాసుకోలేదు, గడ్డి ఎవరు కోయాలో ఒప్పందంలో లేదు.

పరిష్కారం: తేదీ ఉన్న ఫొటోలతో జాబితా, దాని మీద సంతకం. కోయడం వాళ్ల పనైతే మిషన్ మీరివ్వాలి. ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపైతే ఐదు వారాల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదు. తీసుకున్నది 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన పథకంలో చేర్చాలి, లేదంటే డిపాజిట్‌కి మూడింతల దాకా జరిమానా పడొచ్చు.